నాగవేణి గీసిన గడులు

మొన్న పాత బీరువా సర్దుతుంటే గళ్ల నోటుబుక్కు ఒకటి బయటపడింది. అంచులు చెదలు కొరికేసినా లోపలి పెన్సిలు గీతలు చెరగలేదు. గడి పక్కన గడి, గోడలు, తలుపులు, ఎవరు ఎక్కడ నిలబడాలో మూలల్లో చిన్న అక్షరాలతో గుర్తులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత కాగితం వాసన, దాని వెనకే వేడెక్కిన కంప్యూటరు పెట్టె వాసన, తడిసిన వట్టివేళ్ల వాసన, నడి వేసవి ప్రొద్దుటూరు వాసన. ఆ పుస్తకం చూస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ముందు గుర్తొచ్చేది ఆట కాదు, భయం.

మా నాన్న జమ్మలమడుగులో మిషన్ బడి పంతులు. ఈస్టరు పండగకు అమ్మ చేసిన ఓళిగలు ఇంకా డబ్బాలో ఉండగానే నన్ను ప్రొద్దుటూరు బస్సెక్కించేవాళ్లు. అక్కడ అమ్మ తమ్ముడు సామ్యేలు మామ ఒక బట్టలంగడి మిద్దె మీద కంప్యూటర్లు నేర్పేవాడు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఏ ఊరని అడిగితే టౌనేనని చెప్పాలని, మనకు తెలిసిన పల్లెల పేర్లు ఎత్తకూడదని అమ్మ ప్రతిసారీ హెచ్చరించేది. ఏ పల్లె పేరు చెబితే ఏ జెండా మనిషి అనుకుంటారో, ఆ అనుకోవడం ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియని ఏళ్లవి. దారిలో ఎదురుగా జీపు కనబడితే బస్సంతా మాటలు ఆగిపోయేవి. జీపు దాటిపోయాక ఒక ముసలామె దగ్గేది, కండక్టరు విజిలు వేసేవాడు, మళ్లీ మాటలు మొదలయ్యేవి.

మామ గదికి నిటారైన ఇరుకు మెట్లు. పైన తలుపు పక్కన ఇసుకలో తాగే నీళ్ల కడవ, లోపల నాలుగు కంప్యూటర్లు, గురగురమనే కూలరు, నల్లగుడ్డ తెర వెనక బ్యాటరీలు. చెప్పులు బయటే విడవాలి. మధ్యాహ్నం నేర్చుకునేవాళ్లు భోజనాలకు వెళ్లిపోతే మామ మాకొక ఆట పెట్టేవాడు. దాని పేరు ఆయనకే సరిగా తెలియదు. ఎవరో స్నేహితుడు మద్రాసు నుంచి తెచ్చిన ఫ్లాపీలు. తెర మీద మనం నడిపే మనుషులు కనబడరు. ఆరుగురి కళ్లతో మనమే చూస్తున్నట్టు ఎదురుగా రాతి దారి ఉండేది. మీట నొక్కితే ఒక గడి ముందుకు. మూల తిరిగేదాకా అటువైపు ఏముందో తెలియదు, తిరిగాక తెలిసినా ఒక్కోసారి ఆలస్యమే. ముందు వరుసలో కత్తులవాళ్లు ముగ్గురు, వెనక వరుసలో విల్లు, మంత్రం, గాయం మాన్పే విద్య ఉన్నవాళ్లు ముగ్గురు. ఒకసారి మన వంతు, ఒకసారి శత్రువు వంతు.

కనబడిన ప్రతిదాన్నీ కొట్టెయ్యాలని నాకు ఆత్రం. మూడో మలుపుకే ఆరుగురూ చచ్చేవాళ్లు. మామ విసుక్కునేవాడు కాదు. "కొట్టేది అందురికీ వచ్చు మ్మే. కొట్టకముందు ఆడ ఏమేముండాదో సూడు" అనేవాడు. అలా చూడగా చూడగా అర్థమైంది: ఇరుకు సందులో నిలబడితే అవతల పదిమంది ఉన్నా ఒక్కడే మీదికి రాగలడు, నిద్రపోయే మృగాన్ని లేపకుండా చుట్టుకుని పోవచ్చు, ఇరుకులో నిప్పు మంత్రం వేస్తే మనవాళ్లే కాలతారు. ఇవేవీ ఆట చెప్పేది కాదు. దాన్ని చేసినవాడెవడో గోడ, తలుపు, గొయ్యి, చీకటి ఇచ్చి ఊరుకున్నాడు. మిగతాది మన బుర్రకు వదిలేశాడు. పోరాటాన్ని కల్పించడంలో అంతకు మించిన పనితనం నేను తర్వాత చూడలేదు.

నాగవేణి ఆ వేసవిలోనే వచ్చింది. నాకన్నా ఏడాది పెద్దది, పన్నెండేళ్లుంటాయి. రాజుపాలెం వైపు పల్లె. వాళ్ల నాన్న ఒక నాయకుడి దగ్గర ముఖ్యమైన మనిషి. అంతకుముందు చలికాలంలో వాళ్ల చిన్నాయనను ప్రత్యర్థులు దారిలో నరికారు. బండిలో చెరుకుగడల పక్కన ఈ పిల్ల కూడా ఉంది. ఊళ్లో ఉంచడం మంచిది కాదని ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో పెట్టారు. ఆ మేనత్తే ఊరికే కూర్చోకుండా ఏదైనా నేర్చుకోనీ అని మామ దగ్గర చేర్పించింది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేటట్టు కూర్చునేది.

కరెంటు పోయినప్పుడు ఆట ఆగిపోయేది కాబట్టి మేమే కాగితం మీద ఒకటి కల్పించుకున్నాం. గళ్ల నోటుబుక్కులో దారులు గీయడం, ఆరుగురిని నిలబెట్టడం, అరగదీసిన చింతగింజలు వేసి దెబ్బలు తేల్చడం. నా గడుల్లో రాక్షసులు ఎదురుగానే వచ్చేవాళ్లు, అరుచుకుంటూ, కోరలతో. నాగవేణి గీసిన వాటిలో ఎదురుగా ఎవరూ ఉండేవాళ్లు కాదు. దారి మధ్యలో ఒక రాయి అడ్డం పెట్టేది. మనం దాన్ని తీయడానికి ఆగుతామా, వెనక నీళ్లు పారే మోరీ కిందనుంచి లేచేవాళ్లు. మొదట చచ్చేది ఎప్పుడూ వెనక వరుసే. "ఎదురుగా యాల వస్తారు? మనం సూస్తాంటాం గదా" అంది ఒకసారి, కూడిక తప్పు చేసినదానికి చెప్పినట్టు నెమ్మదిగా. ఆమె గీసే గడులు ఊహించినవి కావని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా ఆడటం మానలేదు, ఎందుకంటే ప్రతి దారిలోనూ ఎవరూ చావకుండా బయటపడే ఉపాయం కూడా ఒకటి పెట్టేది. దాన్ని వెతికి పట్టుకోవడమే ఆట.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు పన్నెండు గంటల వేళ కింద బజారులో రెండు బాంబులు పేలాయి. మిద్దె అదిరింది. అంగళ్ల షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దడదడ పడ్డాయి. మామ మమ్మల్ని బల్ల కిందికి తోసి కిటికీ మూయబోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నలభై ఏళ్ల మనిషి, చెప్పుల్లేవు, అరికాలు కోసుకుపోయి రక్తం. గడపలో నిలబడి చేతులు జోడించాడు. పక్కనున్న నాగవేణి ఒళ్లు కొయ్యబారడం నాకు తెలిసింది. ఆమెకు ఆయన తెలుసు. అవతలి జెండా మనిషి.

మామ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. నేను ఏడుస్తున్నాను. నాగవేణి బల్ల కిందినుంచి లేచి ఆయనకు నల్లగుడ్డ తెర చూపించింది. ఆయన వెనక్కి పోగానే గడప దాటి, నీళ్ల కడవను రెండు చేతులా ఎత్తి మెట్ల తలమీద పడేసింది. కడవ పగిలి నీళ్లు మెట్లన్నీ కడుక్కుంటూ కిందికి పోయాయి. లోపలికొచ్చి పావడాతో గడప దగ్గరి మరక తుడిచి, మరక పడ్డ మడత ఒళ్లోకి చేరేటట్టు కంప్యూటరు ముందు కూర్చుంది.

ముగ్గురొచ్చారు. చేతుల్లో వేటకొడవళ్లు. ముందున్నవాడు ఆమెను చూసి ఆగాడు. వాళ్లు ఆమె నాన్న మనుషులే.

"పాపా, నువ్వు ఈడుండావా? ఎవుడన్నా పైకొచ్చినాడా?"

"ఎవురూ రాల్యా మామా. బాంబుకు బెదిరి కడవ పగలగొట్టినా. మెట్లు జారుతాయి, సూసి దిగండి."

వాడు గదంతా చూశాడు. కూలరు గాలికి నల్లగుడ్డ కదులుతోంది. నాయకుడి మనిషి కూతురు చెప్పాక తెర ఎత్తి చూస్తే ఆమె మాట కాదన్నట్టవుతుందని ఆగాడో, నిజంగానే నమ్మాడో ఇప్పటికీ తెలియదు. తలుపేసుకోమని మామకు చెప్పి దిగిపోయారు.

ఆ మనిషి నాలుగు గంటలదాకా తెర వెనకే ఉన్నాడు. పోలీసు వ్యాను వచ్చాక మామ మారు చొక్కా ఇచ్చి పంపాడు. ఆయన్ను ఎందుకు కాపాడావని నాగవేణిని అడిగాను. "ఒగసారి సూసినా గదా. మళ్ల సూడలేను" అంది. వాళ్ల చిన్నాయనను నరికినవాళ్లలో ఆయన ఉన్నాడా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పబోమని ముగ్గురం మామ బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాం. బైబిలు తనది కాకపోయినా నాగవేణే ముందు పెట్టింది. మిగిలిన సెలవులంతా మెట్ల మీద ఏ చప్పుడైనా, అది నేర్చుకునేవాళ్లదే అయినా, మేం నల్లగుడ్డ తెర వైపు చూసేవాళ్లం. నెల తిరక్కుండానే ఆమెను పులివెందులలో అవ్వగారింటికి మార్చేశారు. పోయేముందు నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. మళ్లీ కనబడలేదు.

ఏళ్లు గడిచాక ఆ ఇద్దరు నాయకులూ ఒకే జెండా కింద చేరి, ఒకే వేదిక మీద దండలు మార్చుకున్నారు. కింద చచ్చినవాళ్లు చచ్చినట్టే ఉన్నారు. ప్రొద్దుటూరులో ఆ మిద్దె ఇప్పుడు లేదు, బంగారం అంగడి కట్టారు. మా పిల్లలు ఆడే ఆటల్లో ఎక్కడికి పోవాలో బాణం గుర్తే చూపిస్తుంది, చచ్చినా మరుక్షణం లేచి నిలబడతారు. బస్సుల్లో ఊరి పేరు అడిగితే జనం నిర్భయంగా చెబుతున్నారు. ఆ భయం పోయినందుకు దేవునికి స్తోత్రం.

పోయిన నెల సామ్యేలు మామను చూడటానికి వెళ్లాను. ఆరోజు తెర వెనక దాగిన మనిషి బతికే ఉన్నాడని, ముసలివాడయ్యాడని, రెండుసార్లు వచ్చి ఆ పాప ఎవరి బిడ్డని అడిగాడని చెప్పాడు. చెప్పావా అని అడిగాను.

"ల్యా. ఇప్పటికీ సెప్పలా" అన్నాడు మామ, గొంతు తగ్గించి, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా.

నేనూ ఇక్కడ ఆమె అసలు పేరు రాయలేదు.