కుడి పెడల్ మీద నా పాదం

కరోనా రావడానికి ఏడాది ముందు, వానలు ఇంకా అందుకోని రోజుల్లో, రాజమహేంద్రవరం దగ్గరి ఒక ఫ్లయింగ్ స్కూల్లో ప్రాథమిక శిక్షణ బాధ్యత నాకు అప్పగించారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగ్. సొంత ఊరు తుని కావడంతో, ఇంటికి దగ్గరగా పని దొరికిందని హాయిగా చేరాను.

మా శిక్షణ విమానంలో రెండు సీట్లు పక్కపక్కనే ఉంటాయి. ఎడమ సీటు విద్యార్థిది, కుడి సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది. ఇద్దరి ముందూ కంట్రోల్ వీల్ ఉంటుంది, ఇద్దరి కాళ్ళ దగ్గరా విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్స్ ఉంటాయి. అవి ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒకరు నొక్కితే రెండోవారి పెడల్ కూడా కదులుతుంది. కుడిది ముందుకు వెళ్తే ఎడమది వెనక్కి వస్తుంది. ఇంజన్‌కు పూర్తి శక్తి ఇచ్చి పైకి ఎక్కుతున్నప్పుడు విమానం ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి పెడల్ నొక్కి దాన్ని సరిచేయాలి. ముందున్న ఒక గాజు గొట్టంలో చిన్న నల్ల బంతి ఉంటుంది. అది మధ్యలో ఉంటే కాళ్ళు సరిగ్గా పనిచేస్తున్నట్టు లెక్క.

అక్కడ నేను నేర్పిన ఒక బ్యాచ్‌లో భీమవరం వైపు నుంచి వచ్చిన శ్రావణి అనే అమ్మాయి ఉండేది. వాళ్ళకు రొయ్యల చెరువులున్నాయి. ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో మానేసి, ఇంట్లో పెద్ద యుద్ధమే చేసి వచ్చింది. చెయ్యి చాలా తేలిక. నాతో ఎగిరినప్పుడల్లా గోదావరి లంకల మీదుగా గీత గీసినట్టు నడిపేది. బంతి మధ్యలోంచి కదిలేది కాదు. నేనూ ప్రతి రోజూ ఆమె ఫైల్లో బాగుందని రాసేవాణ్ణి. నా పెంపకం అని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

ఒంటరిగా ఎగరనిచ్చే ముందు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఒకసారి పరీక్షిస్తారు. దాన్ని చెక్ అంటాం. మా చీఫ్ మాటలు తక్కువ మనిషి. చెక్ నుంచి దిగి ఫైల్ నా బల్ల మీద పెట్టి, ఈ అమ్మాయికి కాళ్ళు లేవు అని ఒక్క ముక్క అన్నారు. ఎక్కుతున్నంతసేపూ విమానం ఎడమకు జారుతూనే ఉందట, ఆమె పెడల్ ముట్టుకోనే లేదట. మూడు రోజుల్లో రెండో చెక్. అదీ తప్పితే కోర్సు నుంచి తీసేస్తారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నా కోపం సంగతి స్కూలంతా ఎరుగుదురు. కాళ్ళు భీమవరంలో వదిలేసి వచ్చావా అని అందరి ముందూ అడిగేశాను. ఆమె తల దించుకుని నిలబడింది.

మర్నాడు ఆమెను హేంగర్‌లో ఆగి ఉన్న విమానం ఎక్కించాను. ముందు చక్రం నేల మీద ఉంటే పెడల్స్ తేలిగ్గా కదలవు. అందుకని మెకానిక్ తోకను కిందికి నొక్కి పట్టుకుని చక్రాన్ని పైకి లేపాడు. నేను నా సీట్లో కూర్చుని కుడి పెడల్ గట్టిగా నొక్కమన్నాను. నొక్కింది. నా ఎడమ పెడల్ వెనక్కి వచ్చి నా కాలిని నెట్టింది. ఆమె వెంటనే పాదం తీసేసి, నా భుజం తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకుంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"కాలితో తోసినట్టయిందండి, సారీ అండి."

అప్పుడు కిందికి చూసుకున్నాను. నా రెండు పాదాలూ పెడల్స్ మీదే ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

"గాల్లో కూడా ఇలాగే ఉంటాయా?"

"మొదటి రోజు నుంచీ అంతేనండి. నేను నొక్కేలోపే మీరు నొక్కేస్తారండి. నేనూ నొక్కితే మిమ్మల్ని తన్నినట్టుంటుందని ఊరికే ఆనించి ఉంచుతానండి."

"మరి చెప్పొచ్చు కదా?"

"పెద్దవారిని పట్టుకుని కాళ్ళు తీయండి అని ఎలా అంటానండీ!"

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అన్ని రోజులూ బంతిని మధ్యలో ఉంచినది నేనే. చీఫ్ ఎప్పుడూ కాళ్ళు నేల మీదే పెట్టుకుంటారు. అందుకే ఆయనకు అసలు సంగతి కనిపించింది.

ఆ సాయంత్రమే ఎగిరాం. నా సీటు పూర్తిగా వెనక్కి జరిపి, పాదాలు నేలకు ఆనించి, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ముక్కు ఎడమకు లాగింది, బంతి కుడి చివరకు దొర్లింది. ఆమె బెంబేలెత్తి నా కాళ్ళ వైపు చూసింది. నేను కదల్లేదు. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నా పాదాలను ఆపుకోవడం ఆమె పని కంటే కష్టమైంది. ఒకసారి అతిగా నొక్కింది, ఒకసారి చాలలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దాటేసరికి బంతి మధ్యకు వచ్చి నిలిచింది. ఈసారి దాన్ని నిలిపింది ఆమె.

రెండో చెక్‌కు ముందు ఆమె ఫైల్లో, మొదటి చెక్‌లో కనిపించిన లోపం విద్యార్థిది కాదు, ఇన్‌స్ట్రక్టర్‌ది అని రాసి సంతకం పెట్టాను. చీఫ్ చదివి, అయితే మీకూ ఒక చెక్ పెట్టాలి అన్నారు. ఆయన అన్నంత పనీ చేశారు. శ్రావణి నెగ్గింది, నేనూ నెగ్గాను. అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే ఆమెకు క్షమాపణ చెప్పాను.

వారం తిరక్కుండానే ఒంటరిగా ఎగిరి, ఒక చుట్టు చుట్టి దిగింది. ఎలా ఉందని అడిగితే కొంచెం ఆలోచించి, "పెడల్స్ తేలిగ్గా ఉన్నాయండి" అంది. అంత సంతోషం నాకు నా లైసెన్సు వచ్చిన రోజు కూడా కలగలేదు.

విద్యార్థికి ఒక పని రావడం లేదంటే, ఆ పని నేనే చేసేస్తున్నానేమో ముందుగా చూసుకోవాలని నాకు తెలిసింది. ఆ తర్వాత ప్రతి విద్యార్థికీ మొదటి పాఠంలోనే, నా కాళ్ళు పెడల్స్ మీద కనిపిస్తే తీయమని చెప్పడం నీ డ్యూటీ అని చెప్పి, 'కాళ్ళు తీయండి' అని వాళ్ళ చేత ఒకసారి పైకి అనిపించేవాణ్ణి. శ్రావణి కంటే ముందు నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఇదే చెక్‌లో రెండుసార్లు తప్పి ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళకు చేతకాలేదనే అప్పట్లో అనుకున్నాను. నా పాదాలు ఎక్కడ ఉండేవో వాళ్ళను నేను అడగలేదు.