గుండెల ఎత్తున టేపు

రక్షిత వనమని గేటు మీద రాసినంత మాత్రాన ఏ చెట్టుకూ రక్షణ రాదు. లోపల ఏ జాతులున్నాయో, ఏది ఎంత లావెక్కిందో, ఏ కొమ్మ దేనికి నీడనిస్తోందో కొన్నేళ్లకొకసారి ఎవరైనా వెళ్లి చూసి సాక్ష్యం చెప్పాలి. అలా చెప్పేవాళ్లలో టేపు అక్క ఒకరు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆమె పని ఒకటే: మానును కౌగిలించుకున్నట్టు టేపు చుట్టి, చుట్టుకొలత పైకి చదవడం. టేపు గుండెల ఎత్తున చుట్టాలన్నది నియమం. మొదటి సర్వేలో ఆ ఎత్తు ఆమె చొక్కా రెండో గుండీకి సరిగ్గా సరిపోయింది. ఆ తరువాత ఆమె కొలకర్ర ముట్టలేదు, గుండీనే నమ్ముకుంది.

ఈసారి అడవి ఆమెకు కలలోలా కనిపించింది. పొగమంచు మోకాళ్ల దాకా పరుచుకుంటే మానులు వేళ్లు లేకుండా తేలుతున్నట్టుండేవి. చేయి వేసిన ప్రతి మానూ మునుపటికన్నా బలిసింది. పెంచిన పిల్లలు ఒళ్లు చేసినట్టు ఆమె మురిసిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, కుట్టుమిషను ముందున్న భర్తకు అదే కబురు చెప్పేది. ఆయన దర్జీ. నోట్లో దారముంటే మాట్లాడడు కనుక ఓపిగ్గా వినేవాడు.

ఒక మధ్యాహ్నం, ఒక మాను వాన తగలని వంపులో, నున్నటి బెరడు మీద, పాత సర్వేలో టేపు చుట్టిన చోట గీసిన ఎర్రగీత చెక్కుచెదరకుండా కనిపించింది. అది ఆమె గుండీకి మూడు వేళ్లు పైన ఉంది. చెట్టు తన గీతను ఎంత పైకి మోసుకుపోయిందో చూడమని, హద్దుతాడు పట్టే సహచరుడికి సంబరంగా చూపించింది.

అతను నవ్వాడు. "చెట్టు పొడుగయ్యేది కొసనక్కా. కింద గీసింది ఎక్కడిదక్కడే ఉంటుంది. దిగింది నువ్వు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మాను కిందికి పోయేకొద్దీ లావు. అడవికి వచ్చిందనుకున్న ఒళ్లంతా తన నడుము వంపే. అప్పటికి సగం వనం కొలిచేశారు. చెబితే అదంతా మళ్లీ కొలవాలి. టేపు ఇంకొకరి చేతికి పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

ఇంట్లో తను పొట్టిదయిందా అని అడిగింది. భర్త నోట్లోంచి దారం తీశాడు.

"నీ ప్యాంటు అంచులు మడిచి కుట్టి రెండేళ్లయింది. మొన్న మళ్లీ కుట్టాను."

"నాతో అనొద్దూ?"

"ఏమనను? అంచు కాలికింద పడి తూలతావని కుట్టాను. నీకు తెలుసనుకున్నాను."

మర్నాడు పొద్దున్నే టేపు అక్క సర్వే అధికారిణి దగ్గరకు వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పి, టేపు ఆమె బల్ల మీద పెట్టింది.

అధికారిణి విసుక్కుంది, కానీ మళ్లీ మొదలుపెట్టించింది. ఈసారి కర్ర నిలబెట్టి, టేపు తాడతనికి అప్పగించారు. అతను చదివే ప్రతి అంకెతో ఒక్కో చెట్టు సన్నబడుతుంటే టేపు అక్కకు తన ఒంట్లోంచే ఏదో తరిగిపోతున్నట్టుండేది. ఆమెకు కొత్త పని ఇచ్చారు: హద్దుతాడు చుట్టిన ప్రతి ముక్క నడుమ వెల్లకిలా పడుకుని, ఆకాశాన్ని ఆకులు ఎంత కప్పాయో, ఏ అంతస్తులో ఏ జాతి ఉందో చెప్పడం.

"పడుకున్నాక ఎత్తుతో పనేముందక్కా," అన్నాడు తాడతను. నీ పని చూసుకోమని కసిరి, ఆమె ఎండుటాకుల మీద వాలింది.

ఇన్నాళ్లూ చెట్లంటే ఆమెకు గుండెల మేరే తెలుసు. ఇప్పుడు తలలు కనిపించాయి. ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఊగుతున్నాయి. వాటి నడుమ వెలుతురు సన్నటి కాలువల్లా పారుతోంది. ఏ తల ఏ మానుదో ఆమె పోల్చుకోలేకపోయింది.

రాసుకోవడానికి సిద్ధంగా ఉన్న అధికారిణి, చెప్పమంది.

"ఉండమ్మా," అంది టేపు అక్క. "ఇంకా చూస్తున్నాను."