మామిడి బేరం రోజు నా లినక్సు

బనగానపల్లె దగ్గరి మా మామిడితోటను నేను ఒక్క రోజులో ముంచేయబోయిన కథ ఇది. ఆ ఏడు గాలివాన రాలేదు, తెగులు సోకలేదు. తోటకు సోకింది నేనే.

సెల్‌ఫోన్లు ఇంకా డబ్బున్నోళ్ల జేబుల్లోనే ఉన్న రోజులు. ఇంజనీరింగ్ సెలవులకు ఇంటికొస్తూ నా కంప్యూటర్ కూడా మోసుకొచ్చాను. అందులో అందరూ వాడే సిస్టమ్ కాకుండా లినక్సు ఉండేది. క్లాసులో ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఇంటర్నెట్ ఫోను లైనులోంచే రావాలి. అది నడుస్తున్నంతసేపూ ఫోను పనిచేయదు. పైగా మాటిమాటికీ కట్టయ్యేది. నాకు కావలసిన ఫైలేమో కొండంత. దాని ముందు కూర్చుని మళ్లీ మళ్లీ డయల్ చేసే ఓపిక నాకెక్కడిది? అందుకని ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. లైను తెగితే కంప్యూటరే డయల్ చేసి ఫైలు దించుకుంటుంది, నేను హాయిగా ఊరు తిరుగుతాను. రాశాక నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంట్లో ఆ పని చేసేవాళ్లు వేరే లేరు కదా.

పొద్దున్నే స్క్రిప్టు నడిపించాను. దుమ్ము దులుపుతూ అమ్మ ప్లగ్గు పీకేస్తుందన్న భయంతో గదికి తాళం వేసి, స్నేహితుడి అన్న పెళ్లికని నంద్యాల బస్సెక్కాను. నాయన ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం చూశాను కూడా. ఎందుకని అడగలేదు. మీరైతే అడిగేవాళ్లు.

కర్నూలు నుంచి మామిడికాయల వ్యాపారి శెట్టి ఆ రోజు ఫోన్ చేసి, మా కాపు కొనేదీ లేనిదీ తేల్చి చెప్పాలి. కాయ ముదిరిపోయింది. ఇంకొన్నాళ్లు చెట్టు మీదుంటే రాలడమే.

ఫోను మోగలేదు. తనే చేద్దామని నాయన ఎత్తితే కీచుమని ఒకటే రొద. ఆయన ఎత్తగానే నా కనెక్షన్ తెగేది, పెట్టేయగానే నా స్క్రిప్టు మళ్లీ డయల్ చేసేది. ఆయన మళ్లీ ఎత్తేవాడు. మొండితనంలో మా నాయనకు సాటి లేరనుకునేవాణ్ణి, ఆ రోజు పక్క గదిలోనే జోడీ దొరికింది. లైన్‌మన్ వచ్చి, స్తంభమెక్కి చూసి, లైను బాగానే ఉందనీ ఇంట్లోనే ఎవరో మాట్లాడుతున్నారనీ చెప్పిపోయాడట. అమ్మ మంచం కింద కూడా వెతికిందట.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి నాయన నా గది ముందు గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లోపల ఏం పెట్టిపోయినావురా?"

"ఫైలు దించుకుంటాంది నాయనా."

"పొద్దున్నుంచి శెట్టి ఫోను రాల్యా. కాయంతా రాలిపోతే నువ్వూ నీ ఫైలూ ఏరుకుంటారా?"

ఆ తోట మీదే నా చదువు నడుస్తోంది. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. చెమటలు కక్కుతూ శెట్టి దిగాడు.

"ఏం రెడ్డీ, పొద్దున్నుంచి చేస్తాండా, ఒకటే ఎంగేజు. ఇంతమంది బేపార్లు నీతో మాట్లాడతాండారని తెలీక బెట్టు చేసినా. నువ్వు చెప్పిన రేటే ఖాయం, ఇంకెవురికీ మాటియ్యొద్దు."

నాయన గడ్డపారను మెల్లగా తలుపు వెనక్కి జరిపాడు.

"శానామంది అడుగుతాండారు శెట్టీ. కానీ మనది పాత స్నేహం గదా."

ఆయనకు అబద్ధమాడటం రాదని అప్పటిదాకా మేమంతా నమ్మాం.

శెట్టి బయానా ఇచ్చి వెళ్లాక గది తెరిచి చూస్తే ఫైలు ఇంకా మొదట్లోనే ఉంది. తెగిన చోటి నుంచి అందుకొమ్మని చెప్పడం స్క్రిప్టులో మరిచాను. నాయన ఫోనెత్తిన ప్రతిసారీ అది మొదటికొచ్చింది.

వెంటనే ప్లగ్గు పీకి, తూర్పుకు తిరిగి, అమ్మానాయనల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ కంప్యూటర్‌ను ఫోను మీదికి వదిలి ఊరు దాటను అన్నాను.

నాయన బయానా నోట్లు ఇంకోసారి లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకెప్పుడూ అంటే వద్దులేరా. ఏటా కాయ దిగే ముందర ఒక్కరోజు చెయ్యి."