నాలుగోవాడు వదిలేసిన సాళ్ళు

కంప్యూటర్ ఆటలో ఒంగోలు జట్టుతో మ్యాచ్ సగంలో ఉండగా మా నాలుగోవాడు ఎప్పటిలాగే ఎదురుగా ఉన్న ఖాళీ ఆవరణలోకి నడిచి వెళ్ళాడు. చుట్టూ తూటాలు. అతను దాక్కోలేదు, పరిగెత్తలేదు. తుపాకీ గొట్టాన్ని కుడికీ ఎడమకీ ఊపుకుంటూ తిన్నగా నడుస్తున్నాడు. అతన్ని జట్టులోంచి తీసేయాలంటే ఇద్దరు బటన్ నొక్కాలి. మస్తాన్ వలీ అప్పటికే నొక్కేశాడు. ఇక నేను నొక్కడమే మిగిలింది.

పక్క కుర్చీలో ఉన్న కోటేశ్వరరావు తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "నొక్కమాకండి సార్. అది మా అన్న నడక."

దెయ్యం మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. విలేకరిగా పనిచేసినన్నాళ్ళూ ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయన్న ఊళ్ళకు వెళ్ళి, ఆ రాళ్ళు విసిరేవాణ్ణి చూసి, వార్త రాసి వచ్చినవాణ్ణి. కాబట్టి ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తాను.

అప్పుడు నేను చిలకలూరిపేటలో ఉండేవాణ్ణి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. వార్తలు పంపే పని సాయంత్రం మొదలయ్యేది. భోజనం అయ్యాక మస్తాన్ వలీ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. ఎండకు కస్టమర్లు ఉండేవారు కాదు. మస్తాన్, పురుగుమందుల కొట్లో పనిచేసే కోటేశ్వరరావు, నేను ఒక తుపాకుల ఆట ఆడేవాళ్ళం. జట్టుకు నలుగురు కావాలి. మా నాలుగో మనిషి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ముగ్గురమే కూర్చుంటే, ఇంకెక్కడో ఖాళీగా ఉన్నవాణ్ణి ఆటే నాలుగోవాడుగా చేర్చేది.

అలా ఎవరెవరో వచ్చేవారు, పోయేవారు. ఒకతను మాత్రం వదల్లేదు. పేరు పెట్టుకోనివాళ్ళకు ఆట ఇచ్చే పేరుతోనే వచ్చేవాడు. ఆట బొత్తిగా రాదు. తుపాకీ పేల్చడు. మేం గోడ చాటున నక్కితే అతను ఆవరణ మధ్యకు వెళ్ళి, ముందుగా చచ్చిపోయేవాడు. ఆ తర్వాత నలుగురి మీద ముగ్గురం.

కొత్తవాణ్ణి భరించడం ఆట కంటే పెద్ద పని. మొదట్లో ఓపిగ్గా చెప్పాం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, "తమ్ముడూ, కింద కూర్చో", "మా వెనకే రా" అని పంపాం. జవాబు లేదు. నేనే అతని పక్కకు వెళ్ళి, కూర్చుని, లేచి చూపించేవాణ్ణి. అతను నన్ను తప్పుకుని తన దారిన పోయేవాడు. కొన్నాళ్ళకు మస్తాన్ తిట్లలోకి దిగాడు. "ఏరా, గేదెల్ని తోలుకెళ్తున్నావా" అని తెరను కోప్పడేవాడు. నాకు ఆ ఓపిక కూడా పోయింది. వాడు చస్తాడు, మేం ఓడతాం, నేను వెళ్ళి వార్తలు రాసుకుంటాను. అంతే.

మస్తాన్ కోపంలో అర్థముంది. ఎదురు వీధిలో ఏసీ పెట్టి కొత్త సెంటర్ తెరిచారు. కాలేజీ పిల్లలు అటు మళ్ళారు. ఒంగోలు జట్టు అప్పట్లో పేరున్న జట్టు. దాన్ని ఓడిస్తే పిల్లలు మళ్ళీ తన మెట్లెక్కుతారని అతని ఆశ. మ్యాచ్ రోజు వెనక నిలబడి చూడటానికి కొందరొచ్చారు కూడా. సరిగ్గా ఆ రోజే నాలుగో సీటులో మళ్ళీ అతనే చేరాడు.

"ఒరేయ్ కోటిగా, అన్నేంట్రా? నా కొట్టు మూసుకోమంటావా?" అన్నాడు మస్తాన్.

కోటేశ్వరరావు వేలితో తెర మీద చూపించాడు. ఆవరణలో నేలంతా బండలు వరసలుగా పరిచి ఉంటాయి. నాలుగోవాడు ఒక వరస వెంట చివరిదాకా గొట్టం ఊపుకుంటూ వెళ్తాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఊపడు. వచ్చి, మూలనున్న డ్రమ్ము దగ్గర కాసేపు నిలబడి, పక్క వరసలోకి దిగుతాడు. అన్నాళ్ళూ చూస్తూ కూడా మేం చూడని సంగతి అది. పత్తికి మందు కొడుతూ, అయిపోయినప్పుడల్లా డ్రమ్ము దగ్గర నింపుకునే మనిషి నడక.

"గోడ పక్క వరసల్లోకి పోడు చూడండి. మా చేలో గట్టు పక్క రెండు సాళ్ళు గోంగూర వేసేవాళ్ళం. ఇంట్లో తినేది కదా, దాని మీద మందు పడనిచ్చేవాడు కాదు" అన్నాడు. మళ్ళీ లెక్క చూసుకుని, "కానీ మూడు వదులుతున్నాడు. మూడెందుకో తెలీట్లా" అన్నాడు.

అతని అన్న సాంబయ్య పోయింది తొంభైల చివర్లో, పచ్చపురుగు పత్తినంతా తినేసిన ఏడాది. వారంలో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. విసిగిపోయి, గాలి వాలు చూసుకోకుండా ఎదురుగాలిలో కొట్టాడట. మందు ఎక్కి చేలోనే పడిపోయాడు. ఈ మాటలు కోటేశ్వరరావు ఆడుతూనే చెప్పాడు. ఆ ఆవరణ గోడ మీద ఒక జెండా ఉంటుంది. అది ఎప్పుడూ ఒకవైపే ఎగురుతుంది. దాన్నిబట్టి చూస్తే గాలి మా నాలుగోవాడి ముఖానికే కొడుతోంది.

"వాణ్ణి గాలి వాలుకి తిప్పాలి సార్. తిప్పిందాకా తీసేయొద్దు."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నమ్మి కాదు. ఆ గొంతు విన్నాక నొక్కలేకపోయాను.

కోటేశ్వరరావు గోడ చాటు వదిలి తూటాల్లోకి నడిచాడు. నాలుగోవాడికి అడ్డంగా నిలబడ్డాడు. అతను ఆగాడు. అప్పటిదాకా ఎవరు అడ్డమొచ్చినా తప్పుకుపోయిన మనిషి, ఆగాడు. కోటేశ్వరరావు వెనక్కి తిరిగి మెల్లగా గేటు వైపు నడిచాడు. గొట్టం ఊపడం మానేసి అతనూ వెంట నడిచాడు. గాలి ఇప్పుడు అతని వీపుకు ఉంది. గేటు నీడలోకి ఇద్దరూ చేరాక అతని పేరు తెర మీంచి పోయింది. ఆ వెంటనే కోటేశ్వరరావును కాల్చేశారు. కాసేపటికి మమ్మల్ని కూడా.

ఓడిపోయాం. మస్తాన్ లేచి వెళ్ళి టీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఒంగోలు జట్టు కెప్టెన్ మస్తాన్‌కు ఫోన్ చేశాడు. "మీ నాలుగోవాడెవరండీ? చేలో మందు కొడతన్నట్టు తిరుగుతున్నాడు. మావాళ్ళకి కాల్చబుద్ధి కాలా" అన్నాడు. కాబట్టి చూసింది మేమొక్కళ్ళమే కాదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఎక్కడో ఒక కొత్తవాడు బటన్లు తెలియక అటూ ఇటూ తిరిగి ఉంటాడు. ఆ తిరుగుడులో కోటేశ్వరరావు తన దుఃఖాన్ని చూసుకుని ఉంటాడు. గోంగూర సంగతి అతను చెప్పగా విన్నదే కదా, అనుకున్నాను. చాలావరకు నమ్మాను కూడా.

తర్వాతి ఏడాది అకాల వానలకు దెబ్బతిన్న పత్తి చూడటానికి పర్చూరు వైపు వెళ్ళినప్పుడు వాళ్ళ ఊరి మీదుగా వచ్చాను. సాంబయ్య భార్య కళ్ళంలో మిరపకాయలు ఏరుతోంది. కోటేశ్వరరావు స్నేహితుణ్ణని చెప్పి, మాటల్లో మాటగా గట్టు పక్క గోంగూర గురించి అడిగాను. ఆట సంగతి ఎత్తలేదు.

"రెండు సాళ్ళండీ, ఎప్పుడూ రెండే," అంది, తాలుకాయ పక్కన పడేస్తూ. "ఆ ఆఖరేడు మాత్రం మా అమ్మగారింటికి పంపాలని గోలచేస్తే, గొణుక్కుంటానే ఇంకోటి వేశాడు."

"కోటేశ్వరరావు రెండే అన్నాడే?"

"వాడికేం తెలుసండీ. ఆ ఏడంతా గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. వాడొచ్చేసరికి పత్తీ లేదు, గోంగూరా లేదు. అంతా పీకించేశారు."

మస్తాన్ సెంటర్ ఆ మరుసటి సంవత్సరం మూతపడింది. అది మూసేదాకా మేం ముగ్గురం ఆడుతూనే ఉన్నాం. నాలుగో సీటులో చాలామంది కూర్చున్నారు. అతను మళ్ళీ రాలేదు. ఏ ఊరి నుంచి ఆడాడో తెలియదు. మూడో సాలు సంగతి అతనికి ఎవరు చెప్పారో కూడా తెలియదు.