కబడ్డీ కూతలో ఇంగ్లీషు

మా పటమట అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో మొన్న ఆదివారం పొద్దున్నే ఎవరో కబడ్డీకి సున్నంతో గీతలు గీస్తున్నారు. వాన వెలిసి అప్పటికి గంట కూడా కాలేదు. తడి మట్టి మీద పడిన సున్నం వాసన మూడో అంతస్తు బాల్కనీ దాకా వచ్చింది. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఆట కంటే ముందు ఇంగ్లీషు గుర్తొస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా వింతగా చూస్తారు. రత్నకుమారి టీచరు దగ్గర చదువుకున్నవాళ్లకు మాత్రం విడమరిచి చెప్పనక్కర్లేదు.

పామర్రు దగ్గర మా హైస్కూలుకు ఆవిడ నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చారు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. అప్పటిదాకా మాకు ఇంగ్లీషంటే నోట్సు. జవాబులు కంఠతా పట్టడం, పరీక్షలో దింపేయడం, ఆ సాయంత్రానికే మర్చిపోవడం. మొదటి వారమంతా ఆవిడ మాలో ఒక్కొక్కరి చేత పేరూ ఊరూ ఇంగ్లీషులో చెప్పించాలని చూశారు. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి, బల్ల మీద గీతల్ని చూస్తూ ఉండిపోయాను. సోమవారం వచ్చేసరికి పుస్తకాలు లోపలే పెట్టించి మమ్మల్ని గ్రౌండుకు తీసుకెళ్లారు.

ఆట కబడ్డీయే, కూత మాత్రం ఇంగ్లీషులో. అవతలి జట్టు మీదికి వెళ్లే పిల్ల 'ఐ యామ్ కమింగ్, ఐ యామ్ కమింగ్' అంటూ ఊపిరి తిప్పుకోకుండా వెళ్లాలి. తిరిగొచ్చాక, ఎవరిని తాకిందో, ఎలా తప్పించుకుందో జరిగిపోయిన సంగతిగా, ఇంగ్లీషులోనే చెప్పాలి. చెప్పలేకపోతే తెచ్చిన పాయింట్లు పోతాయి. జట్టంతా తలలు దగ్గర పెట్టి వాక్యం కూర్చి ఇవ్వొచ్చు గానీ, పలకాల్సింది ఆ పిల్లే. తప్పుగా చెప్పినా టీచరు మధ్యలో ఆపేవారు కాదు. చివరిదాకా విని, అదే వాక్యాన్ని తాను ఒకసారి సరిగ్గా అనేవారు. అంతే. మా జట్టులో నాగమణి ఉండేది, చేపల వ్యాపారం చేసేవాళ్లింటి పిల్ల. దానికి బెదురు లేదు. 'ఐ టచ్ టూ గర్ల్స్, దే ఫాల్' అని ఊరంతా వినపడేలా చెప్పేది. నేను దానికంటే వేగంగా పరిగెత్తేదాన్ని. ముగ్గుర్ని తాకి వచ్చి గీత దగ్గర నోరు పెగలక నిలబడితే, ఆ మూడు పాయింట్లూ గాలికి పోయేవి. నా కాళ్లకున్న చురుకు నోటికి లేదని నాగమణి విసుక్కునేది.

ఓ రోజు తడి నేల మీద వెనక్కి తిరగబోయి జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. మర్నాడు మా నాన్న స్కూలుకు వచ్చాడు. మాది నేత పని మీద బతికే ఇల్లు. ఆయన మగ్గం దగ్గర కూర్చుంటే, అమ్మా నేనూ కండెలకు నూలు చుట్టి అందించేవాళ్లం. ఆయన గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఇంగ్లీషు చెబుతారని పంపితే చెయ్యి విరిగి వచ్చిందని, ఇకమీదట పిల్ల ఆటకు రాదని మెల్లగానే చెప్పాడు. టీచరు సాకులు వెతకలేదు. నేల తడిగా ఉందని తెలిసీ ఆడించానని, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నా నోట్సులన్నీ తన చేత్తో రాసిపెట్టారు. ఆట మానెయ్యమన్న హెడ్మాస్టరు గారిని బతిమాలి, గ్రౌండులో ఇసుక పోయించారు.

తర్వాతి వారం ఒక ఈల తెచ్చి నా మెడలో వేశారు.

"నువ్వు ఆడొద్దు, మీ నాన్నగారికి మాటిచ్చాను. రిఫరీ ఆడదు కదా, మాట్లాడుతుంది" అన్నారు.

రిఫరీ తీర్పు ఇంగ్లీషులో చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. మొదట్లో ఈల ఊది వేలు చూపించేదాన్ని. ఆవిడ కదిలేవారు కాదు. రెండు జట్లూ నడుం మీద చేతులు పెట్టుకుని నా నోటికేసి చూస్తూ నిలబడేవి. నేను మాట్లాడితే గానీ ఆట సాగదు. అలా ఒక్కొక్క మాటా నాలోంచి లాగారు.

ఒక శుక్రవారం అవతలి జట్టులో ఒకరు తక్కువైతే, టీచరే కొంగు నడుముకు బిగించి దిగారు. నాగమణి కూతకు వచ్చింది. దాన్ని తప్పించుకోబోయి పక్కకు జరిగినప్పుడు ఆవిడ మడమ గీత దాటడం చూశాను. ఈల ఊదాను. ఆవిడ నమ్మలేనట్టు చూసి, తాను లోపలే ఉన్నానని ఇంగ్లీషులో వాదనకు దిగారు.

"నో, టీచర్. యువర్ ఫుట్ వాజ్ అవుట్‌సైడ్. ఐ సా ఇట్. యూ ఆర్ అవుట్" అన్నాను.

ఎవరూ కూర్చి ఇవ్వకుండా నా అంతట నేను అన్న మొదటి నిండు వాక్యాలవి. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, బయటికి నడిచి, అవుటైన పిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

కట్టు విప్పించడానికి తీసుకెళ్దామని వచ్చిన నాన్న గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. నేనేమన్నానని నాగమణిని అడిగితే, టీచర్ గారిని అవుట్ చేసిందండీ అని చెప్పిందట. నాన్న నన్ను సైకిలెక్కించుకుని బయల్దేరాడు. కాలువ వంతెన దాటాక, "ఆవిడ కాలు నిజంగానే దాటిందా?" అన్నాడు. దాటిందన్నాను. "అయితే సరే" అన్నాడు. ఆట సంగతి మళ్లీ ఎత్తలేదు. చెయ్యి బాగయ్యాక నేను ఆడాను కూడా.

తర్వాత నర్సింగు చదివాను. ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పని. టీచరు రిటైరై ఇబ్రహీంపట్నంలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. కిందటేడు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆనాటి తీర్పు గురించి అడిగాను. తన కాలు లోపలే ఉందని ఆవిడ ఇప్పటికీ అంటారు. మరెందుకు బయటికి వెళ్లారండీ అంటే, "రిఫరీ చెప్పింది కదమ్మా" అని నవ్వి, పెసరట్టు తినమని ప్లేటు నా ముందుకు జరిపారు.

పోయిన నెల ఒక ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నాం. క్రిములు లేకుండా శుభ్రం చేసిన గౌను, అలా శుభ్రం చేయని దేనికి తగిలినా మార్చుకోవాల్సిందే, అది మా నియమం. కొల్లేటి లంక నుంచి వచ్చి కొత్తగా చేరిన నర్సు ఒకామె, "సిస్టర్, యువర్ స్లీవ్ టచ్ ద ట్రాలీ" అంది. తగిలినట్టు నాకు తెలియలేదు. డాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. తగల్లేదని ఒక్క మాట అంటే అందరూ నా మాటే నమ్మేవారు. బయటికి వెళ్లి గౌను విప్పేసి, మోచేతుల దాకా మళ్లీ కడుక్కుని, వేరే గౌను తొడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె నా కోసం కొత్త గ్లౌజులు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది.