పక్కింటి పప్పుచారు

సూర్యకళకు వంట రాదని ఎవరూ అనలేదు. కుదిరిన రోజున ఆమె వంటకు ఎదురు లేదు. ఎటొచ్చీ అది ఏ రోజు కుదురుతుందో ఆమెకే తెలియదు. సోమవారం పప్పుచారు గిన్నె గీకి మరీ తిన్న మొగుడు, మంగళవారం అదే పప్పుచారు రెండు ముద్దలు తిని మజ్జిగ అడిగేవాడు. అన్నం ఒక పూట పలుకుగా ఉండేది, మరో పూట గరిటెకు అంటుకుని వదిలేది కాదు.

అనకాపల్లి గవరపాలెంలో ఒకే గోడకు అటూ ఇటూ రెండు వాటాలు. ఒకదాంట్లో సూర్యకళ, ఆమె భర్త జగదీశ్వరరావు ఉండేవారు. రెండోదాంట్లో లూర్దు మేరీ, ఆమె భర్త స్టీవెన్. మగవాళ్లిద్దరిదీ అచ్యుతాపురంలో ఒకే కంపెనీ. పొద్దున్నే ఒకే బస్సు ఎక్కేవారు, మధ్యాహ్నం ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పేవారు. ఆ బల్ల దగ్గరే సూర్యకళకు కష్టం మొదలైంది.

"మేరీ గారి పప్పుచారు ఎప్పుడు తిన్నా ఒక్కలాగే ఉంటాదే," అన్నాడు జగదీశ్వరరావు ఒక సాయంత్రం చొక్కా విప్పుతూ. "నిన్నెలాగుందో ఇవాళా అలాగే. ఎలా సేత్తాదో ఏటో!"

అతని మనసులో ఏమీ లేదు. అని, చొక్కా కొక్కేనికి తగిలించి, మర్చిపోయాడు. సూర్యకళ మర్చిపోలేదు. మర్నాడు గోడవతల కుక్కరు ఎన్ని కూతలు కూస్తుందో లెక్కపెట్టింది. మూడు. తనూ మూడే పెట్టింది. పప్పు బద్ద బద్దగానే ఉంది. మేరీ ఏ కొట్లో కందిపప్పు కొంటుందో కనుక్కుని అక్కడే కొంది. ఈసారి పప్పు ఉడికింది గానీ ఉప్పు ఎక్కువైంది. మేరీ దగ్గర ఏదో పొడి ఉందని, అది ఎవరికీ చెప్పకుండా దాచుకుంటోందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. అప్పట్నుంచి ఆ ఇంటి పోపు వాసన వస్తే చాలు, తన వంటింటి కిటికీ మూసేసేది.

రెండువేల తొమ్మిదిలో కశింకోట నుంచి అత్తగారు కాసులమ్మ వచ్చింది. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇంకా మసకే. నల్లద్దాలు పెట్టుకుని నెల్లాళ్లు కొడుకింట్లోనే ఉండాలన్నారు. ఇంటి పనికి ముసలామె సేవ కూడా తోడైందని మేరీ రోజూ మధ్యాహ్నం చిన్న స్టీలు గిన్నెలో పప్పుచారు పంపడం మొదలుపెట్టింది. మంచికే పంపింది. కాసులమ్మ మాత్రం రెండో రోజు నుంచే తలుపు చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చునేది.

"మేరీ గిన్నె వచ్చిందేటే కోడలు పిల్లా?"

వారం రోజులు ఈ మాట విన్నాక సూర్యకళకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు తను చేసిన వంకాయ కూర నిజంగా బాగా కుదిరింది. కాసులమ్మ దాన్ని పక్కకు జరిపి పప్పుచారు గిన్నె అడిగింది. సూర్యకళ వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మూత తీసింది. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి అందులో వేసి కలిపింది. ఒక్కసారైనా ఆ మేరీ వంట పాడైందని ఎవరో ఒకరు అంటే వినాలని, అంతే.

కాసులమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేదు. కంచం పక్కన ఊసేసి నీళ్లు తాగింది.

"ఇది మేరీ సేసింది కాదు."

"ఆవిడ గిన్నేనత్తా. ఇప్పుడే ఇచ్చి ఎల్లింది."

"గిన్నె ఆవిడదే. వారం బట్టీ తింతన్నాను, ఆవిడ చేతిలో ఉప్పు ఇంత ఎక్కదు. నువ్వేటో కలిపేవు."

సూర్యకళ ఆ గిన్నె తీసి పక్కన పెట్టింది. నల్లద్దాల వెనక ఆ కళ్లు తనను చూస్తున్నాయో లేదో తెలియలేదు. ఇన్నేళ్లలో తన కూరలో ఉప్పెక్కితే ఇది సూర్యకళ చేసింది కాదని ఒక్కరైనా అన్నారా? మేరీ మీద పడాల్సిన మాట మేరీని తాకనే లేదు, తిరిగొచ్చి తన మీదే పడింది.

సాయంత్రం గిన్నె కోసం మేరీ వచ్చింది. "పెద్దమ్మకి నచ్చిందేటండీ?" అంది గుమ్మంలో నుంచే.

"బాగుందమ్మా," అంది కాసులమ్మ మంచం మీంచి.

అత్తగారు అలా కాపాడటం సూర్యకళ భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది. మేరీ వెనకే మెట్ల దాకా వెళ్లి, "అక్కా, దాంట్లో నేను ఉప్పు కలిపేను. కావాలనే కలిపేను," అని చెప్పేసింది. మేరీ గిన్నెతో లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నాలుగు రోజులు గిన్నె రాలేదు. కాసులమ్మ అడగనూ లేదు. అయిదో రోజు సూర్యకళ వెళ్లి మేరీ పెరటి గుమ్మం దగ్గర నిలబడింది.

"తిట్టక్కా. నీకాడ ఏదో పొడుందని, దాసుకుంటన్నావని కుళ్లుకుని సేసేను. నువ్వు తిట్టకపోతే నాకు అన్నం దిగట్లేదు."

"తిట్టడానికేటుంది? ముసలామె తింటాదని సేసింది పారబోయించేవు. అదే నాకు బాద," అంది మేరీ. మళ్లీ తనే, "నాకాడ పొడీ గిడీ ఏటీ లేదు. రేపు పొద్దున్న వచ్చి సూసుకో," అంది.

సూర్యకళ వెళ్లి చూసింది. చూడటానికి ఏమీ లేదు. రోజూ అదే గ్లాసుతో కందిపప్పు, నానబెట్టి స్నానానికి వెళ్లడం, అదే గ్లాసుతో మూడు గ్లాసుల నీళ్లు. పప్పు మెత్తగా మెదిపాకే చింతపండు పులుసు. ఉప్పు చెంచాతో, అదీ చివర్న, రుచి చూసి. కొత్త బియ్యం బస్తా విప్పితే ముందు ఒక్క గ్లాసు వండి, నీళ్లెన్ని పడతాయో చూసుకునేది. పెళ్లికి ముందు ఏడేళ్లు ఒక ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో పనిచేసిందట మేరీ. "అక్కడ ఉప్పెక్కితే అరవై కంచాలు వెనక్కొచ్చీవి," అంది.

తనేం చేస్తోందో సూర్యకళకు అప్పుడు తెలిసింది. తొందరలో చింతపండు కూడా కుక్కర్లో వేసేస్తోంది, అందుకే పప్పు బద్ద. ఒక రోజు కళ్లుప్పు, ఒక రోజు సన్న ఉప్పు, ఏ డబ్బా చేతికందితే అది, అదే గుప్పెడు. సన్నది గుప్పెడు వేస్తే ఉప్పెక్కక ఏమవుతుంది? తెలిశాక కుళ్లు తగ్గలేదు, పెరిగింది. పొడే ఉంటే అది తనకు దొరకలేదని సరిపెట్టుకునేది. ఇది ఎవరైనా చేయగలిగిందే, తను చేయలేదు.

"నీకో మాట సెప్తాను," అంది మేరీ పోపు పెడుతూ, ఇటు తిరక్కుండా. "పోయినేడు నువ్వు కోనాం చేప పులుసు పంపించేవు. మా ఆయన ఇప్పటికీ దాని పేరే సెప్తాడు. నా వంట బాగుందని ఒక్కరోజూ నోరు తెరవలేదు. నీ మీద ఎంత మంటగుండేదో తెలుసా?"

సూర్యకళ ఆ రోజంతా గాల్లో తేలినట్టు తిరిగింది. అంత కమ్మని మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

చెంచా, గ్లాసు కొని పప్పుచారు మీద పడింది. రెండో వారానికి చేయి కుదురుకుంది. ఒక రాత్రి జగదీశ్వరరావు రెండోసారి పోయించుకుని, "మేరీ గారు మళ్లీ పంపించేరేటి?" అన్నాడు. సూర్యకళ గరిటె గిన్నెలో విసిరేసింది.

"ఆపరేసను నాకా నీకారా?" అంది కాసులమ్మ. "మేరీ ఇంగువెయ్యదు. ఇది నీ పెళ్లాం సేసింది."

కాసులమ్మ కశింకోట వెళ్లిపోయాక, మేరీ చేప పులుసు నేర్పమంది. సూర్యకళకు ఎలా చెప్పాలో తెలియలేదు, ఎలా చేసిందో తనకే గుర్తులేదు. మూడు ఆదివారాలు మూడు రకాలుగా వచ్చింది. నాలుగో ఆదివారం సూర్యకళ ఏది గుప్పిట్లోకి తీసినా గిన్నెలో పడకముందే మేరీ ఆ గుప్పిట పట్టుకుని, చెంచాతో కొలిచి, తన వంటింటి గోడ మీద బొగ్గుతో చెంచాకో గీత గీసింది. ఆ రోజు పులుసు కుదిరింది. తర్వాతి వారం మేరీ ఆ గీతలు చూసుకుంటూ ఒక్కతే చేసింది. స్టీవెన్ మెచ్చుకోలు గోడకివతలకు వినబడింది.

సూర్యకళ నోటి దాకా వచ్చిన ముద్ద కంచంలో పెట్టేసింది.

"నేర్పకుండా ఉండాల్సింది," అంది మొగుడితో.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అయినా ఆ పై ఆదివారం పూడిమడక చేపలామె గంప దించినప్పుడు, రెండిళ్లకూ సరిపడా కోనాం కోయించింది. మంచి ముక్కలు మాత్రం తన గిన్నెలోకి ముందు ఏరుకుంది.