చిన్నాయన తుపాకీ దారం

మా ఫ్లాటు కింద ఇప్పుడు కార్లు పెట్టుకుంటున్న చోట నా చిన్నప్పుడు లోతైన నీళ్ళుండేవి. నార్సింగి వాళ్ళు బండలు కొట్టి వదిలేసిన గుంత అది. అందులో మునిగి మా చిన్నాయన కొర్రమట్ట చేపలు పట్టేవాడు. వలతో కాదు, తుపాకీతో. గుండ్ల తుపాకీ అనుకునేరు! చెక్కకు సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి, దాని మీద సూదిమొన ఇనుప చువ్వ పెట్టి తనే చేసుకున్నది.

చువ్వ తోకకు నైలాన్ దారం కట్టి, రెండో కొస తుపాకీకి కట్టాలి. చేపకు చువ్వ దిగాక ఆ దారం పట్టి లాక్కోవాలి. మిగతా దారాన్ని తుపాకీ కింది మేకుకు మడతలుగా చుట్టాలి, వదలగానే జారిపోయేలా. లావు దారమైతే చువ్వ దూరం పోదు, మరీ సన్ననిదైతే బండ అంచుకు తెగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ముడి ఉండకూడదు. ముడి మేకుకు తట్టుకుంటే చువ్వ సగంలో ఆగి, కొట్టినవాడి ముఖం మీదికే ఎగిరొస్తుంది. చిన్నాయనకు ఈ విద్య నేర్పిన ముసలాయనకు ఒక కన్ను అలాగే పోయింది.

ఆ దారం కట్టే పని నాది. నా వేళ్ళు సన్నవని చిన్నాయన నాకిచ్చాడు. కలెక్టరు ఉద్యోగం వచ్చినంతగా మురిసిపోయాను. ఒక పద్ధతి కూడా పెట్టాడు: దారం కట్టినవాళ్ళే ఒడ్డున కూర్చుని, మునిగిన మనిషి తేలేదాకా కాపలా ఉండాలి.

ఒక పొద్దున డబ్బా తెరిస్తే దారం పొట్టిగా ఉంది. అంతకుముందు రెండు మూరలు కోసి నా బొమ్మకు ఊయల కట్టుకున్నది నేనే. చెబితే ఈ పని నా చేతినుంచి పోతుందని భయం. ఊయల విప్పి, ఆ ముక్కను దారానికి కలిపి గట్టిగా ముడేసి, మడతల కింద దాచేశాను.

చిన్నాయన తుపాకీ అందుకుని దారాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

"దారం మంచిగున్నదా బిడ్డా?"

తల ఊపాను. ఆయన మునిగాడు.

కాసేపటికి తేలాడు, చేప లేదు. "మంచిగనే చూసినవా?" అని మళ్ళీ అడిగాడు. మళ్ళీ తల ఊపాను. రెండోసారి మునిగాక బుడగలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. నా కళ్ళముందు ఆ ముసలాయన ముఖమే మెదులుతోంది. అరుద్దామంటే నీళ్ళకింద మనిషికి వినబడదు. అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది, రెండుసార్లు అడిగాడు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎట్టకేలకు తేలాడు. ఈసారి ఏమీ అడగలేదు. ఒడ్డు పట్టుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ మునగబోయాడు. నేను బండ మీద బోర్లా పడి ఆయన జుట్టు పట్టేసుకున్నాను.

"వద్దు చిన్నాయనా! దాంట్ల ముడి ఉన్నది, నేనే ఏసిన!"

ఆయన కోప్పడలేదు. తుపాకీ నీళ్ళలోంచి ఎత్తి చూపించాడు. రబ్బరు లాగనే లేదు. రెండుసార్లూ ఒట్టి తుపాకీతోనే మునిగాడు. ముడి ఆయన వేలికి ఒడ్డు మీదే తగిలింది.

"ఇంకెన్నిసార్లు మునగాల్నో అని నాకే పరేషాన్ అయింది బిడ్డా," అన్నాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజు ఇంట్లో చేప లేదు, పచ్చిపులుసే. తెల్లారి కొత్త దారం తెచ్చి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

మొన్న మా మనవరాలు, సాఫ్ట్‌వేర్ కొలువు పిల్ల, సెలవుల్లో సముద్రంలో చేపలు కొడతానని తుపాకీ కొనుక్కొచ్చి హాల్లో దారం కట్టుకుంది. "బాగుందా నానమ్మా?" అంది. నేను కళ్ళు మూసుకుని, ఆ దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ళ మధ్య జారనిచ్చాను. కొత్తదే కదా అని నవ్వింది. నవ్వనీ. ఎవరైనా అలా అడిగితే చాలు, ఆ నీళ్ళకింద చిన్నాయన ఉన్నట్టే ఉంటుంది నాకు. నా వేలు తాకనిదే నా తల ఊగదు.